ఒకే కుట్ర, ఒకే శిక్ష? చెక్కు మోసాల్లో సహ నిందితుల లెక్క

2015 ఏప్రిల్ 9న సత్యం కంప్యూటర్స్ కేసులో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. పది మందికీ ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. సంస్థ వ్యవస్థాపకుడు రామలింగరాజుకూ ఏడేళ్లే, ఆయన కింద పనిచేసిన ఉద్యోగులకూ ఏడేళ్లే, లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్లకూ ఏడేళ్లే. తేడా అంతా జరిమానాలోనే కనిపించింది. రామలింగరాజు, ఆయన సోదరుడు రామరాజు కట్టాల్సింది కోట్లలో, మిగిలినవాళ్లు కట్టాల్సింది లక్షల్లో. మరుసటి నెలలోనే అప్పీలు కోర్టు శిక్షల అమలును నిలిపివేసి వాళ్లకు బెయిలు ఇచ్చింది. ఆ కథ వేరు.

ఆ ఏడేళ్ల అంకెను కొంచెం తరచి చూడాలి. ఆ కేసులో మోపిన అభియోగాల్లో యావజ్జీవం దాకా వెళ్లగల సెక్షన్లు ఉన్నాయి. అయితే విచారణ జరిగింది అదనపు చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ స్థాయి కోర్టులో. ఒక నేరానికి ఆ స్థాయి కోర్టు వేయగల గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. సెక్షన్ ఎంత దూరం వెళ్లమన్నా కోర్టు చేతికి అంతకు మించి అధికారం లేదు. ఇంటి కప్పు తక్కువ ఎత్తులో ఉంటే పొడుగువాడు వంగి నిలబడతాడు, పక్కనున్న పొట్టివాడికీ అతనికీ తేడా తెలియదు. పది మందిలో అందరికంటే పెద్ద దోషికి కప్పు ఏడేళ్ల దగ్గర ఉన్నప్పుడు, మిగిలినవాళ్లకు తగ్గించి ఉంటే తప్ప వ్యత్యాసం కనిపించే వీలు లేదు.

సత్యం అంతటి కేసు అరుదు. కానీ ఈ చిక్కు చిన్న కొలతలో నాంపల్లి క్రిమినల్ కోర్టుల గడప తొక్కుతూనే ఉంటుంది. నకిలీ చెక్కుతో ఒక కంపెనీ ఖాతాను ఊడ్చేసిన ముఠా, అందులో ఐదారుగురు, అందరి మీదా ఒకే చార్జిషీటు. నేరం రుజువైందా లేదా అన్న చర్చ తీర్పులో పేజీలకు పేజీలు సాగుతుంది. ఎవరికెంత అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తీర్పు హఠాత్తుగా పొట్టిదైపోతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. చెక్కు కేసు అనగానే చాలామందికి చెక్కు బౌన్సు గుర్తుకొస్తుంది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే వర్తించేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్. దానికి గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. అది దాదాపుగా అప్పు వసూలు తగాదా. ఇక్కడి విషయం వేరు. ఇందులో చెక్కే దొంగది, లేదా దాని మీది సంతకం దొంగది, లేదా అంకె దిద్దినది.

ఇలాంటి మోసం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెక్కు కింది అంచున అయస్కాంత సిరాతో ముద్రించిన అంకెల పట్టీ ఉంటుంది. ఆరు అంకెల చెక్కు నంబరు, తొమ్మిది అంకెల బ్యాంకు కోడు అందులో ముఖ్యమైనవి. హైదరాబాద్ శాఖలైతే ఆ కోడు 500తో మొదలవుతుంది. ఆ పట్టీని, నీటి గుర్తును, అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే ముద్రను అనుకరించడానికి ముద్రణ తెలిసినవాడు కావాలి. ఇంకా వాడని చెక్కు నంబర్లు ఏవో, ఖాతాలో ఎంత ఉందో, సంతకం ఎలా ఉంటుందో చెప్పడానికి లోపలి మనిషి కావాలి. చెక్కు జమ చేయడానికి ఎవరిదో ఒక ఖాతా కావాలి. డబ్బు పడిన వెంటనే తీసుకుని మాయమయ్యేవాడు కావాలి. చెక్ ట్రంకేషన్ విధానంలో కాగితం చెల్లించే శాఖ దాకా ప్రయాణించదు, బొమ్మ మాత్రమే వెళుతుంది. కాబట్టి కాగితాన్ని చేత్తో పట్టుకుని, దీపం కింద పెట్టి చూసే అవకాశం చెక్కు జమ అయిన శాఖకే ఉంటుంది. 2021 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు పాజిటివ్ పే విధానం తెచ్చింది. 50 వేల రూపాయలు, అంతకు మించిన చెక్కుల వివరాలను ఖాతాదారు ముందే బ్యాంకుకు తెలిపే వీలు కలిగింది. ఐదు లక్షలు, ఆ పైన వాటికి దాన్ని తప్పనిసరి చేసుకోవచ్చని బ్యాంకులకు వెసులుబాటు ఇచ్చారు. ఈ కట్టడి వచ్చాక ముఠాకు లోపలి మనిషి విలువ ఇంకా పెరిగింది. ఏ ఖాతాదారు ఆ వివరాలు పంపడో తెలిసేది అతనికే.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సహాయ నిధి పేరిట నకిలీ చెక్కులు సృష్టించి 117 కోట్ల రూపాయలు కాజేయబోయిన సంగతి తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ చెక్కులు మంగళూరు, ఢిల్లీ, కోల్‌కతాల్లో తేలాయి. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో తెలుగు అకాడమీ డిపాజిట్ల వ్యవహారం బయటపడింది. అక్కడ చేతులు మారింది చెక్కులు కాదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రాలు. అయినా పోలీసులు ఆరోపించిన అల్లిక ఒకటే: దళారులు, బ్యాంకు లోపలివాళ్లు, నకిలీ పత్రాలు తయారుచేసేవాళ్లు, డబ్బు మళ్లించేందుకు ఖాతాలు.

చర్చ గాలిలో తేలకుండా ఒక కేసును ఊహించుకుందాం. బాలానగర్‌లోని ఒక చిన్న పరిశ్రమ ఖాతా నుంచి నకిలీ చెక్కుతో 48 లక్షలు పోయాయి. పథకం వేసి అందర్నీ కలిపినవాడు ఏ1. ఖాతా వివరాలు, సంతకం నమూనా అందించిన బ్యాంకు ఉద్యోగి ఏ2, అతని వాటా ఎనిమిది లక్షలు. చెక్కు ముద్రించినవాడు ఏ3, రెండు లక్షలు. దిల్‌సుఖ్‌నగర్ శాఖలో చెక్కు జమ చేయించి, డబ్బు తీసినవాడు ఏ4, లక్ష. తన ఖాతాను వాడుకోనిచ్చిన ఆటో డ్రైవరు ఏ5, పదిహేను వేలు. మిగిలిన 36 లక్షల 85 వేలు ఏ1 చేతిలో ఉన్నాయి. కేసు పాత శిక్షాస్మృతి కిందైనా, 2024 జూలై 1 తర్వాత జరిగి భారతీయ న్యాయ సంహిత కిందికి వచ్చినా సెక్షన్ల అంకెలు మారతాయి తప్ప ఈ చర్చకు అవసరమైనంత మేరకు సారం మారదు.

ఏ1, ఏ2 అన్న వరస గురించి ఒక మాట. పత్రికల్లో ఈ అంకెలే హోదాల్లా చలామణీ అవుతాయి. నిజానికి అది పోలీసులు ఎఫ్ఐఆర్‌లోనో చార్జిషీటులోనో పెట్టుకున్న క్రమం. ముందు దొరికినవాడు ముందు అంకె పొందిన సందర్భాలూ ఉంటాయి. శిక్ష వేసేటప్పుడు ఆ వరసను మరిచిపోవడం ఆరోగ్యం.

కుట్ర విషయంలో చట్టం కఠినంగానే ఉంటుంది. 1913లో శిక్షాస్మృతిలో చేరిన 120ఏ, 120బీ సెక్షన్లు ఇప్పుడు న్యాయ సంహితలో 61వ సెక్షన్ అయ్యాయి. నేరం చేయడానికి ఇద్దరో ముగ్గురో ఒప్పందానికి రావడమే అక్కడ నేరం. యశ్‌పాల్ మిట్టల్ కేసులో 1977లోనే సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. కుట్రదారులు ఒకరికొకరు తెలిసి ఉండనక్కర్లేదు, ప్రతివాడికీ పథకంలోని ప్రతి అంశమూ తెలియనక్కర్లేదు, గమ్యం ఒకటైతే చాలు. కాబట్టి ఏ5 ఎప్పుడూ ఏ3 ముఖం చూడలేదన్నది వాదనకు పనికిరాదు. పెద్ద నేరానికి కుట్ర పన్నితే ఆ నేరానికి ప్రోత్సహించినట్టే లెక్కగట్టి శిక్షిస్తారు.

ఇక్కడే చాలా తీర్పులు ఒక మెట్టు దాటేస్తాయి. నేరం ఉమ్మడిది కనుక శిక్షా ఉమ్మడిదే అన్న భావన చెప్పకుండానే చొరబడుతుంది. చట్టం అలా అనలేదు. అది ఉమ్మడి చేసింది గరిష్ఠ పరిమితిని మాత్రమే. కనీస శిక్ష అంటూ ఏమీ పెట్టలేదు. నకిలీ చెక్కు తయారీ అంటే విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేయడం. పాత 467, కొత్త 338 సెక్షన్ల కింద దానికి యావజ్జీవం గానీ పదేళ్ల దాకా జైలు గానీ పడొచ్చు. ఆ పదేళ్లకూ ఒక్క రోజుకూ మధ్య ఎక్కడ ఆగాలన్నది న్యాయమూర్తి విచక్షణ. సున్నా నుంచి పది దాకా ఉన్న ఆ విశాలమైన చోటు అందరినీ ఒకే గీత మీద నిలబెట్టడానికి కాదు, మనుషుల మధ్య తేడా చూపించడానికే ఉంది.

తేడాకు కొలమానం ఏమిటి? తేలిగ్గా దొరికేది డబ్బు. కానీ 48 లక్షల నష్టాన్ని అందరి నెత్తినా సమానంగా పెడితే పదిహేను వేలు తీసుకున్నవాడికి అన్యాయం జరుగుతుంది. ఎవరి వాటాను బట్టి వాళ్లకు అంటే బ్యాంకు ఉద్యోగి సులువుగా తప్పించుకుంటాడు. అతను తీసుకున్నది మొత్తంలో ఆరో వంతే. కానీ అతను లేకపోతే ఈ నేరమే లేదు. ముద్రించేవాడు కాదంటే ఏ1 ఇంకొకణ్ని వెతుక్కునేవాడు. డబ్బు తీసేవాడికీ, ఖాతా ఇచ్చేవాడికీ నగరంలో కొదవ లేదు. సంతకం కార్డు చూడగల స్థానంలో ఉన్న మనిషి అంత తేలిగ్గా దొరకడు. పైగా అతను చేసింది మోసం ఒక్కటే కాదు, జీతం తీసుకుంటూ కాపలా కాయాల్సిన చోట తలుపు తీయడం. ఈ వ్యాసం దృష్టిలో ఏ2 స్థానం ఏ1 పక్కనే, ఏ3 పక్కన కాదు.

చట్టమూ అతన్ని వేరుగానే చూస్తుంది. బ్యాంకరుగా తన అధీనంలోకి వచ్చిన సొత్తు విషయంలో నమ్మకద్రోహం చేస్తే పాత 409, కొత్త 316లోని ఐదో ఉపసెక్షన్ యావజ్జీవం దాకా వెళతాయి. అవినీతి నిరోధక చట్టం కూడా తోడైతే కేసు ప్రత్యేక న్యాయమూర్తి ముందుకు వెళుతుంది. నేరపూరిత దుష్ప్రవర్తనకు 2014 నుంచి కనీసం నాలుగేళ్లు, గరిష్ఠంగా పదేళ్లు శిక్ష ఉంది. ప్రైవేటు బ్యాంకు ఉద్యోగిని కదా అనడానికీ వీల్లేదు. హైదరాబాద్ కేంద్రంగా పుట్టి, 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు వ్యవహారం నుంచి వచ్చిన కేసులోనే 2016లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. ఆ చట్టం అవసరాల మేరకు ప్రైవేటు బ్యాంకు అధినేతలు, అధికారులు కూడా ప్రభుత్వ సేవకులేనని చెప్పింది. అయితే ఈ కనీస శిక్ష ఒక విచిత్ర పరిస్థితిని తెస్తుంది. ఏ2కు నాలుగేళ్ల కంటే తగ్గించడానికి లేదు, ఆ చట్టం కింద అభియోగం లేకపోతే ఏ1కు మాత్రం కనీసమేదీ లేదు. న్యాయమూర్తి జాగ్రత్తగా లేకపోతే సూత్రధారి కంటే అతని పావుకు ఎక్కువ పడే ప్రమాదం ఉంది.

అసలు కష్టం ఏ5 దగ్గర వస్తుంది. ఇలాంటి ఖాతాలను పోలీసులు, పత్రికలు మ్యూల్ ఖాతాలంటున్నారు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సంతకం చేసిన చెక్కు ఆకులు ఎవరికో అప్పగించి కమీషన్ తీసుకున్నవాళ్లు. నా ఖాతాలోకి ఎవరిదో డబ్బు వస్తుంది, పన్ను గొడవ అన్నారు, అంతకు మించి తెలియదు అన్నది ఇలాంటివాళ్ల నుంచి సాధారణంగా వినిపించే మాట. అందులో నిజం ఉండొచ్చు, నటన ఉండొచ్చు. ఇక్కడ కోర్టులు పడే ఒక పొరపాటును గట్టిగానే చెప్పాలి. మోసం అని అతనికి తెలిసినట్టు రుజువు కాకపోతే అతను నిర్దోషి, విడిచిపెట్టాలి. తెలిసిందో లేదో అనుమానంగా ఉంది కదా అని దోషిగా తేల్చి, ఆ అనుమానానికి బదులుగా శిక్షలో ఏడాది తగ్గించడం న్యాయం కాదు. అది దయలా కనిపించే అన్యాయం. తెలుసని రుజువైతే అప్పుడు రెండో ప్రశ్న అడగాలి: ఎంత తెలుసు? ఎవరి డబ్బో వస్తోందని తెలియడం ఒకటి, ఒక పరిశ్రమ ఖాతాలోంచి 48 లక్షలు పోతున్నాయని తెలియడం మరొకటి.

ఈ రెండో ప్రశ్నకు ఇతర దేశాలు లిఖిత సూత్రాలు రాసుకున్నాయి. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న మోసాల మార్గదర్శకాలు నాయకత్వ పాత్ర, చెప్పుకోదగ్గ పాత్ర, ఇంకొకరి చెప్పుచేతల్లో చేసిన పరిమిత పాత్ర అని దోషాన్ని మూడు మెట్లుగా విడదీశాయి. అమెరికాలో పాత్రను బట్టి అంకెలు కలుపుతారు, తీసేస్తారు. సహ నేరస్థుడి చర్యల వల్ల కలిగిన నష్టంలో తాను సహేతుకంగా ఊహించగలిగినంత మేరకే ఒక వ్యక్తి ఖాతాలో రాస్తారు. అమెరికా పద్ధతిలో అంకెల మోజు మరీ ఎక్కువ, దాన్ని ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు. కానీ ఊహించగలిగినంత మేరకు అన్న కొలత మన ఏ5కు చక్కగా సరిపోతుంది.

మన దగ్గర అలాంటివేమీ లేవు. నేర న్యాయ సంస్కరణల కోసం వేసిన మలిమత్ కమిటీ 2003లో శిక్షల మార్గదర్శకాలు కావాలని సిఫార్సు చేసింది. సోమన్ కేసులో 2012లో సుప్రీంకోర్టే ఈ లోటును ఒప్పుకుంది. దోషికి తగిన శిక్ష వేయడం నేర న్యాయానికి గుండెకాయ వంటిదని, మన దేశంలో అన్నిటికంటే బలహీనంగా ఉన్నదీ ఆ భాగమేనని చెప్పింది. కొత్త న్యాయ సంహిత సమాజ సేవను ఒక శిక్షగా చేర్చింది కానీ దాన్ని చిన్నాచితకా నేరాలకే పరిమితం చేసింది. సహ నిందితుల మధ్య తూకం ఎలా వేయాలో చెప్పే వాక్యం ఒక్కటీ రాయలేదు.

ఫోర్జరీ సెక్షన్ చేసే ఇంకో పని పెద్దగా చర్చకు రాదు. అందులో యావజ్జీవం అన్న మాట ఉంది. ఆ ఒక్క మాట వల్ల చివరివాడికి మూడు తలుపులు మూసుకుపోతాయి. దోషిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన హామీ మీద విడిచిపెట్టే సెక్షన్, అంటే 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టంలోని నాలుగోది, యావజ్జీవం పడగల నేరాలకు వర్తించదు. నేరాన్ని ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ప్లీ బార్గెయినింగ్ ఏడేళ్లు మించి శిక్ష పడగల నేరాలకు లేదు. పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ విచారణ ఖైదీలకు ఒక ఊరట ఇచ్చింది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదల చేయాలంది. అదీ యావజ్జీవం పేరు ఉన్న సెక్షన్‌కు వర్తించదు. కుట్ర సెక్షన్ ద్వారా ఈ ఫోర్జరీ ఏ5 మెడకూ చుట్టుకుంటుంది. అతను చెక్కు ముద్రించలేదు, ముద్రించినవాణ్ని చూడనూ లేదు. అందుకే అభియోగాలు నమోదు చేసే రోజే, అంటే శిక్ష మాట ఇంకా ఎవరి నోటా రాని రోజే, చివరి నిందితుడి శిక్షలో సగం తేలిపోతుంది. చెక్కు దొంగదని అతనికి తెలుసని చూపే ఆధారం ఏదైనా ఉందా అని ఆ దశలోనే ప్రాసిక్యూషన్‌ను నిలదీయాలి. లేకపోతే అతని మీద మోసం సెక్షన్ మాత్రం ఉంచాలి. దానికి గరిష్ఠం ఏడేళ్లు, అప్పుడు ప్రొబేషన్‌కు దారి తెరిచే ఉంటుంది.

జైల్లో గడిపిన రోజుల సంగతీ తీర్పులో సరిగా కనిపించదు. ఏ1కు లాయర్లున్నారు, పూచీకత్తు ఇచ్చే బంధువులున్నారు, అతను రెండు నెలల్లో బయటికి వస్తాడు. ఏ5కు బెయిలు వచ్చినా జామీనుదారులు దొరకరు, చంచల్‌గూడలో ఏడాది గడిచిపోతుంది. విచారణ కాలంలో గడిపిన జైలును శిక్షలోంచి మినహాయించాలని పాత విచారణ స్మృతిలో 428, కొత్త సురక్షా సంహితలో 468 చెబుతున్నాయి. మినహాయింపు అందరికీ సమానమే. కానీ ఏ5కు సరైన శిక్ష ఆరు నెలలే అయి ఉంటే, మిగిలిన ఆరు నెలలు మినహాయించడానికి ఏమీ ఉండదు. ఇప్పటికే అనుభవించిన కాలమే శిక్ష అని రాసే తీర్పులు ఉదారంగా వినిపిస్తాయి. కొన్నిసార్లు అవి జరిగిపోయిన దానికి రాజముద్ర వేయడం మాత్రమే.

డబ్బు తిరిగి కట్టినవాడికి శిక్ష తగ్గించాలా? తగ్గించాలి. బాలానగర్ పరిశ్రమ యజమానికి నిందితుడు జైలుకు వెళ్లడం కంటే జీతాలు ఇచ్చుకోవడానికి డబ్బు తిరిగి రావడం ముఖ్యం. కానీ తిరిగి కట్టగలిగేది కాజేసినవాడే. 36 లక్షలు దాచుకున్న ఏ1 అందులోంచి ఇరవై లక్షలు జమ చేసి పశ్చాత్తాపపడ్డానంటాడు. పదిహేను వేలు ఎప్పుడో ఖర్చైపోయిన ఏ5 చేతులు కట్టుకుని నిలబడతాడు. కాబట్టి చూడాల్సింది ఎంత కట్టాడని కాదు, తన వాటాలో ఎంత భాగం కట్టాడు, ఎప్పుడు కట్టాడు అన్నది. అరెస్టుకు ముందు కట్టిన లక్షకూ, తీర్పు ముందు రోజు కట్టిన లక్షకూ విలువ ఒకటి కాదు. నష్టపరిహారం గురించి ప్రతి కేసులోనూ ఆలోచించి తీరాలని 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. జరిమానా అధికంగా ఉండరాదన్న నియమం పాత కొత్త చట్టాలు రెండింటిలోనూ ఉంది. తలా లక్ష రూపాయలు జరిమానా, కట్టకపోతే మరో ఆరు నెలలు అని ఒక్క వాక్యంలో రాసేస్తే, ఆ ఆరు నెలలు ఎవరు గడుపుతారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

అప్రూవర్ విషయం ఇంకా ఇరకాటం. నేరంలో భాగస్వామి పూర్తి నిజం చెబితే క్షమాభిక్ష ఇచ్చి సాక్షిగా మార్చే వీలు ఉంది. లోపలి మాట చెప్పేవాడు లేకపోతే సూత్రధారి మీద కేసు నిలవదు కాబట్టి ఆ సౌకర్యం అవసరమే. కానీ చెప్పడానికి విలువైన సమాచారం ఉండేది ఎవరి దగ్గర? ఏ1తో కూర్చుని లెక్కలు వేసుకున్న ఏ2 దగ్గర, కొంతవరకు ఏ3 దగ్గర. కుట్రలో ఎంత లోతుగా ఉంటే అంత ఎక్కువ చెప్పగలరు, అంత ఎక్కువ మినహాయింపు పొందగలరు. ఏమీ తెలియని చివరివాడికి అమ్ముకోవడానికి రహస్యమే లేదు. ఏ2కు పూర్తి క్షమాపణ దక్కి, ఏ5కు మూడేళ్లు పడితే చట్టం ప్రకారం తప్పేమీ లేదు. అలాంటి చోట మిగిలినవాళ్ల శిక్షలు నిర్ణయించేటప్పుడు, తప్పించుకుపోయినవాడి పాత్ర ఎంతో కూడా తీర్పులో రాయాలి. లేకపోతే అతని బరువు కూడా మిగిలిన నలుగురి మీదే పడుతుంది.

ఇవన్నీ తేల్చడానికి చట్టం ఒక సందర్భాన్ని ఏర్పాటు చేసింది. సెషన్స్ కోర్టులో దోషిగా తేల్చాక శిక్ష మీద విడిగా వినాలని పాత విచారణ స్మృతి 235వ సెక్షన్‌లోని రెండో భాగం చెప్పింది, కొత్తదానిలో అది 258కి మారింది. మేజిస్ట్రేట్ కోర్టులకూ అలాంటి నియమమే ఉంది. సంతాసింగ్ కేసులో 1976లో సుప్రీంకోర్టు ఇది మొక్కుబడి తంతు కాదని, నిందితుడి నేపథ్యానికి సంబంధించిన ఆధారాలు సమర్పించే అవకాశం ఇవ్వాలని వివరించింది. ఆచరణలో తీర్పు చదివిన రోజే, ఆ మధ్యాహ్నమే, ఒక్కొక్కరినీ పిలిచి ఏమైనా చెప్పుకుంటావా అని అడుగుతారు. పెళ్లి కావలసిన చెల్లెలు ఉంది, ముసలి తల్లిదండ్రులు ఉన్నారు, నేనే ఆధారం అని ఐదుగురూ ఇంచుమించు ఒకే మాట చెబుతారు. ప్రాసిక్యూటర్ కఠినంగా శిక్షించాలంటారు. ఎవరి వాటా ఎంత, ఎవరు ఎవరి మాట మీద నడిచారు, ఎవరు మధ్యలో తప్పుకోవాలని చూశారు అన్న ప్రశ్నలకు సాక్ష్యంలోనే జవాబులు ఉంటాయి. వాటిని బయటికి తీసి మనిషికొక పేరా రాయడానికి వారం రోజుల వాయిదా చాలు. ఏళ్ల తరబడి సాగిన కేసుకు ఆ వారం భారం కాదు.

ఊహించుకున్న కేసుకు ఒక లెక్క చెప్పాలంటే ఇలా ఉండొచ్చు. ఏ1కు కోర్టు అధికార పరిమితి దగ్గరగా, ఏడేళ్లు. ఏ2కు ఐదుకు తగ్గకుండా. తెలిసి తెలిసి పనితనాన్ని అమ్ముకున్న ఏ3కు మూడు. ఏ4కు రెండు, పాత నేర చరిత్ర ఉంటే ఇంకొంచెం ఎక్కువ. చెక్కు మోసమని తెలుసని రుజువైతే ఏ5కు ఆరు నెలలు, అతను తీసుకున్న పదిహేను వేలు పరిశ్రమ యజమానికి పరిహారం. వేర్వేరు సెక్షన్ల కింద పడిన జైలు కాలాలు ఏకకాలంలో నడవాలా, ఒకదాని తర్వాత ఒకటా అన్నదీ స్పష్టంగా రాయాలి. రాయకపోతే పాత విచారణ స్మృతి ప్రకారం ఒకదాని తర్వాత ఒకటే. ఈ అంకెలతో విభేదించవచ్చు. విభేదించడానికి ఒక వరస, దానికి కారణాలు ఉన్నాయి. అందరికీ ఐదేళ్లు అన్న తీర్పుతో వాదించడానికి అదీ దొరకదు.

పై కోర్టులకు ఈ అసమానత తెలియనిది కాదు. హర్బన్స్ సింగ్ కేసు అందుకు భయానకమైన నిదర్శనం. ఒకే హత్యల కేసులో ముగ్గురికి మరణశిక్ష పడింది. ముగ్గురూ వేర్వేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒకరికి శిక్ష యావజ్జీవంగా మారింది. ఒకరిని 1981 అక్టోబరులో ఉరితీశారు. మూడోవాడు హర్బన్స్ సింగ్, చివరి క్షణంలో మళ్లీ కోర్టుకెక్కి ఆగాడు. ఒకే పాత్ర పోషించిన ముగ్గురికి మూడు గతులు పట్టడం చూసి, 1982లో కోర్టు అతని శిక్షను తగ్గించాలని రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. 2023లో జావేద్ షౌకత్ అలీ ఖురేషీ కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. ఒకే సాక్ష్యం, ఒకే పాత్ర ఉన్న సహ నిందితుల్లో ఒకరికి దక్కిన ఉపశమనాన్ని అప్పీలు చేసుకోనివారికీ తనంత తానుగా వర్తింపజేసింది. సమానులకు సమాన శిక్ష అన్న సగం ఈ తీర్పులతో గట్టిపడింది. అసమానులకు అసమాన శిక్ష అన్న రెండో సగం కోసం కోర్టుకెక్కేవాళ్లు తక్కువ. అందరికీ ఒకే శిక్ష పడితే, నాకు వాడితో సమానంగా ఎందుకు వేశారు అని అడగడం చట్టబద్ధమైన ఫిర్యాదేనని చాలామంది నిందితులకే తెలియదు.

వీటన్నిటినీ తారుమారు చేసే సంగతి ఒకటి ఉంది. చెక్కు ముఠాల్లో ఏ1 తరచూ పరారీలో ఉంటాడు. దొరికినవాళ్ల కేసు విడగొట్టి విచారిస్తారు. అతను మూడేళ్ల తర్వాత దొరికితే వేరే న్యాయమూర్తి, వేరే తీర్పు. చట్టం మాత్రం అందర్నీ ఒకే కన్నుతో చూడాలనే కోరుకుంది. తన అధికారానికి మించిన శిక్ష ఒక నిందితుడికి అవసరమని మేజిస్ట్రేట్ భావిస్తే, ఆ ఒక్కణ్నే కాదు, తాను దోషులుగా భావించిన అందర్నీ కలిపి చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ముందుకు పంపాలని పాత విచారణ స్మృతిలోని 325, సురక్షా సంహితలోని 364 సెక్షన్లు చెబుతున్నాయి. విడగొట్టిన కేసుకు అలాంటి నియమం లేదు. మొదటి తీర్పులో ఏ2 నుంచి ఏ5 దాకా ఎవరి పాత్ర ఎంతో, ఎందుకు అంత శిక్ష వేశారో వివరంగా రాసి ఉంటేనే రెండో న్యాయమూర్తికి ఏ1ను ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది. అది లేనప్పుడు, నలుగురు ఇప్పటికే శిక్ష అనుభవించి వెళ్లిపోయిన కేసులో, తప్పంతా వాళ్లదేనని చెప్పుకునే అవకాశం సూత్రధారికే దక్కుతుంది.